వేలెడు వదులు

పగిలిన గాజుగిన్నెను యజమాని ఊరికే చేత్తో పట్టుకు రాలేదు. పెట్టెతో సహా ట్రేలో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, పురిటి బిడ్డను చూపించడానికి తెచ్చినట్టు తెచ్చాడు. ప్యాకింగ్ బల్ల మీద ట్రే దించి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, బల్లకు ఈ పక్కా ఆ పక్కా కూర్చున్న ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఇది అయిదోది," అన్నాడు. "పది రోజుల్లో అయిదు. పోయినేడాది మొత్తం మీద రెండు."

ముడక్క చేతిలో రిబ్బను చుట్ట అలాగే ఆగిపోయింది. ఆవిడ అసలు పేరు ఆ కొట్లో ఎవరికీ గుర్తులేదు. పందొమ్మిదేళ్ళుగా ఆ వెనకగదిలో కూర్చుని పెట్టెల మీద రిబ్బను ముడులు వేసీ వేసీ ముడక్క అయిపోయింది. ఆవిడ వేసిన ముడి లాగితే రాదు, పళ్ళతో కొరికినా రాదు. కొన్నవాళ్ళు కత్తెరతో కోసుకోవాల్సిందే. కొట్టు ముందరి అద్దాల బీరువాలో వరసగా పెట్టినవన్నీ ఆవిడ కట్టిన పెట్టెలే.

ఎదురుగా కూర్చున్నది ఆవిడ తోడికోడలు, చిన్నమరిది భార్య. ఇంట్లో అందరికీ చిన్నది. మూడు నెలల కిందట ముడక్కే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి యజమానికి చూపించింది. ఇప్పుడు ఆ చిన్నది తల వంచుకుని, టిష్యూ కాగితం అంచు గోటితో గీస్తూ కూర్చుంది.

"ఇవాళ్టి నుంచి చీటీలు," అన్నాడు యజమాని. జేబులోంచి రెండు కట్టలు తీశాడు. ఒకదాని మీద ఒకటి అంకె, ఇంకోదాని మీద రెండు. "ముడక్కా, ఒకటి మీది. అమ్మాయ్, రెండు నీది. ఎవరు కట్టిన పెట్టెలో వాళ్ళ చీటీ. శనివారం దాకా చూస్తాను. పగిలినవి ఎవరి అంకెతో తిరిగొస్తే వాళ్ళు ఇక రానక్కర్లేదు. నా దగ్గర మొహమాటాలు లేవు."

"నా అంకెతో రావులెండి," అంది ముడక్క.

అని చిన్నదాని వైపు చూసింది. చిన్నది చూడలేదు. అదుగో, అక్కడ పడింది మొదటి అనుమానం. తప్పు లేనిది తలెత్తదూ?

యజమాని వెళ్ళాక ముడక్క కొత్త పెట్టె అందుకుంది. ఈ పెట్టెలు వచ్చి రెండు వారాలే అయింది. పైన నున్నటి మెరుపు, ముఖం చూసుకోవచ్చు. పాత పెట్టెలు మోటుగా ఉండేవి, వీటిని చూసి ముడక్కే ముచ్చటపడింది. గిన్నె కడుపులో నలిపిన కాగితం కూరింది. టిష్యూ మూడు మడతలు చుట్టింది. అడుగున కాగితపు పీచు పరిచి గిన్నెను కూర్చోబెట్టింది. నాలుగు మూలలా మడిచి మధ్యలో బంగారు రంగు స్టిక్కరు అంటించి, చీటీ పెట్టి, మూత వేసింది. ఇక రిబ్బను. కింద నుంచి పైకి, పైన ఒక మెలి, పక్కలకు, మళ్ళీ పైకి. పళ్ళు బిగించి లాగింది. కిర్రుమంది.

"అక్కా," అంది చిన్నది మెల్లిగా.

"ఏమే?"

"ఏం లేదు. పైన ఇంకో రెండు కాగితాలు పెడితే మెత్తగా ఉంటుందేమోనని."

"నువ్వు పుట్టకముందు నుంచీ నేను కాగితాలు మడుస్తున్నానే తల్లీ," అంది ముడక్క. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వులో పాలు విరిగాయి. "నీ పెట్టె నువ్వు చూసుకో."

చిన్నది తన పెట్టె తను చూసుకుంది.

*

మంగళవారం ఒక్క గిన్నె కూడా తిరిగి రాలేదు. డెలివరీ బండాయన పొద్దున్నే వచ్చి ఖాళీ చేతులు చూపించి, "ఏమ్మా, చీటీలు పెట్టగానే గాజుకు కూడా బుద్ధొచ్చిందే!" అన్నాడు.

గాజుకు కాదు, ఎవరికి బుద్ధొచ్చిందో నాకు తెలుసులే అనుకుంది ముడక్క. భయం మహా చెడ్డది, చెయ్యి దానంతటదే కుదురుకుంటుంది. ఆ మాట పైకి అనలేదు. చిన్నది కట్టే పద్ధతి ఓరకంట చూసింది. ఆ పిల్ల రిబ్బను కట్టేటప్పుడు ఎడమచేతి చూపుడువేలు రిబ్బను కింద దూర్చి, ముడి పడ్డాక వేలు బయటికి లాగేసుకుంటుంది. దాంతో రిబ్బను వదులుగా, జారిపోతున్న వడ్డాణంలా ఉంటుంది. చూడ్డానికి అందమే లేదు. నేర్పింది నేనే, నేర్చుకున్నది ఇదా అనుకుంది.

మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళింది. చెంచా మర్చిపోయానని వెనక్కి వచ్చింది. వస్తూ తలుపు దగ్గరే ఆగిపోయింది.

కట్టిన పెట్టెలు పెట్టే అరల స్టాండు గోడ పక్కన ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి బండి వచ్చేదాకా అన్నీ అక్కడే. చిన్నది ఆ స్టాండు ముందు ఇటు వీపు పెట్టి నుంచుంది. ముడక్క కట్టిన పెట్టెలు ఎడమ పక్క, చిన్నది కట్టినవి కుడి పక్క. ఎడమ పక్కన ఆ పిల్లకేం పని? మోచేతులు కదులుతున్నాయి. దేన్నో విప్పుతోందో, కడుతోందో, కూరుతోందో తెలియలేదు. ముడక్క ఒక అడుగు ముందుకేసింది. కాలి కింద పలక టప్పుమంది.

చిన్నది ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "నువ్వా అక్కా! తినలేదా?"

"చెంచా," అంది ముడక్క. "నువ్వేం చేస్తున్నావిక్కడ?"

"దుమ్ము పడింటే తుడుస్తున్నా."

చేతిలో గుడ్డ లేదు. గుడ్డ లేకుండా దుమ్ము తుడిచే కోడలిని ముడక్క తన జన్మలో చూళ్ళేదు. చెంచా తీసుకుని వెళ్ళి కూర్చుంది గానీ డబ్బా మూత కూడా తియ్యలేదు. చీటీలు! నా చీటీ తీసి దాని పెట్టెలో, దాని చీటీ తీసి నా పెట్టెలో పెడుతోందా? శనివారం దాకా గడువు పెట్టాడుగా ఆయన. ఒక్కరే మిగులుతారుగా. అబ్బో, మూడు నెలలకే ఎంత నేర్చింది!

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఇద్దరూ మాట్లాడుకోలేదు. రోజూ దారి పొడుగునా చిన్నది వసపిట్టలా వాగుతూనే ఉంటుంది, ఆ రోజు అదీ లేదు. అది కూడా ముడక్క లెక్కలో తప్పుకిందే పడింది.

రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో, మధ్య గోడకు అటొక వాటా ఇటొక వాటా. అత్తగారు మాత్రం రెండు వాటాల మనిషి. పొద్దున ఒక వంటింట్లో టీ, సాయంత్రం ఇంకో వంటింట్లో టీ తాగి, రెంటికీ వంకలు పెట్టగల ఘనురాలు.

"అత్తయ్యా, మీ చిన్నకోడలి సంగతి మీకేమైనా తెలుసా?" అంది ముడక్క, పొయ్యి మీది టీ గిన్నెను ఉత్త చేత్తోనే దించుతూ.

"ఏం చేసింది? నా ముందు కూర్చుంటే పిల్లిలా ఉంటుంది," అంది అత్తగారు. అంతలో ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఒసే, మసి గుడ్డ పట్టుకోవే! చేతులా, కర్రలా అవి? కాలట్లేదూ?"

ముడక్క గిన్నె కింద పెట్టి వేళ్ళు చూసుకుంది. ఎర్రగా కందాయి. "అలవాటైపోయింది," అంది.

"నీ వేళ్ళు ఏనాడో కాగితానికి ఇచ్చేశావు," అంది అత్తగారు టీ ఊదుకుంటూ. "మా పెద్దాడి బుగ్గ తడిమినా నీకేం తెలుస్తుందిలే, అది బుగ్గో, అట్టో."

అవతల గదిలో మోకాలికి గుడ్డ చుట్టుకుని పడుకున్న ముడక్క భర్త కిసుక్కున నవ్వాడు. ముడక్కకు నవ్వు రాలేదు.

*

బుధవారం ముడక్క బొడ్డులో పెన్సిలు ముక్క దోపుకుని వెళ్ళింది.

ఆ ఉపాయం ఆవిడకు తెల్లవారుజామున తట్టింది. రెండు పెట్టెలు ఎంచుకుంది, ఒకటి నీలం రిబ్బనుది, ఒకటి తెల్లది. ముడి వేశాక, మూత అంచు దగ్గర, సరిగ్గా రిబ్బను మడత తిరిగే చోట, రిబ్బను మీద కంటికి ఆనీ ఆనని చుక్క పెట్టింది. ఎవరూ ముట్టుకోకపోతే చుక్క అంచు మీదే ఉండాలి. విప్పి మళ్ళీ కడితే, ఎంత ఒడుపు చూపినా, దాన్ని అదే చోటికి తేవడం ఎవరి తరమూ కాదు. ముడక్క తరం కూడా కాదు.

కాగితం అంచు ఎప్పుడు తెగిందో ఏమో, తెల్ల టిష్యూ మీద ఎర్రటి మరక చూశాక గానీ వేలు తెగిందని తెలియలేదు. ఆ కాగితం పక్కన పడేసి వేరేది తీసుకుంది.

మధ్యాహ్నం కావాలనే పక్కగదిలో ఎక్కువసేపు కూర్చుంది. చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించి, తీరిగ్గా వచ్చింది. చిన్నది తన చోట కూర్చుని రిబ్బను చివర్లు ఏటవాలుగా కత్తిరిస్తోంది. అంత బుద్ధిమంతురాలు.

ముడక్క స్టాండు దగ్గరికి వెళ్ళి, పెట్టెలు సర్దుతున్నట్టు నటిస్తూ నీలం పెట్టె చూసింది. చుక్క అంచు మీద లేదు. మూత అంచు దాటి పక్కకు దిగింది, సరిగ్గా వేలెడు. తెల్లది చూసింది. అదీ అంతే. ముడులు రెండూ ఆవిడ ముడుల్లాగే ఉన్నాయి, అచ్చు గుద్దినట్టు. ఎంత శ్రద్ధగా నేర్చుకుందీ దొంగపిల్ల! నా ముడి నాకే ఇచ్చింది.

అక్కడే జుట్టు పట్టుకుని అడగాలనిపించింది. కానీ ఏమని అడుగుతుంది? పెట్టెలు విప్పి చూడ్డానికి టైము లేదు, బండాయన హారను కొడుతున్నాడు. రెండు పెట్టెలూ బండెక్కిపోయాయి. అడగడం కాదు, పట్టుకోవాలి అనుకుంది ముడక్క.

గురువారం నుంచి ఆవిడ భోజనం డబ్బా స్టాండు దగ్గరికే మారింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, వీపు అరలకు ఆనించి, అక్కడే తిన్నది.

"అక్కా, ఇక్కడ గాలి ఆడదు. నువ్వు లోపలికెళ్ళి ప్రశాంతంగా తినరాదూ," అంది చిన్నది.

"నాకిక్కడే ప్రశాంతంగా ఉంది."

"పోనీ నీళ్ళన్నా తెచ్చుకో. నేను చూస్తుంటాగా."

"నువ్వు చూస్తుంటావనే వెళ్ళట్లేదు."

చిన్నది అక్కడే నుంచుండిపోయింది. బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుని, మళ్ళీ లేచి వచ్చింది.

"అక్కా, కోపం తెచ్చుకోనంటే ఒక మాట. ఈ కొత్త పెట్టెలకి కొంచెం వదులుగా..."

"చెయ్యి సత్తువలేని వాళ్ళు కట్టేది వదులు ముడి. సత్తువున్నంత కాలం నేను బిగించే కడతాను. ఇంకేమన్నా ఉందా?"

ఇంకేమీ లేదు. ఆ పిల్ల కళ్ళు మాత్రం మధ్యాహ్నమంతా ఎడమపక్క అరల మీదే ఉన్నాయి. ముడక్క అది చూసింది. పాలమీద పిల్లి కన్నులా ఉంది ఆ చూపు అనుకుంది. శుక్రవారం కూడా అలాగే కాపలా కాసింది.

*

శుక్రవారం సాయంత్రం బండాయన నవ్వలేదు. మూడు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూడూ గురువారం వెళ్ళినవే. యజమాని ఒక్కొక్క చీటీ తీసి వరసగా పరిచాడు. ఒకటి. ఒకటి. ఒకటి.

"ముడక్కా," అన్నాడు. పందొమ్మిదేళ్ళ పరిచయం కదా, మూడు చీటీలనూ వేలితో అంచులు కలిసేలా సర్దాడు.

ముడక్క బల్ల పట్టుకుంది. పట్టుకున్న చోట అంచు ఉందో లేదో కూడా తెలియలేదు ఆ వేళ్ళకు. ఇంట్లో మోకాలి నొప్పితో ఏడాదిగా మంచం దిగని భర్త, ఈ పని తప్ప ఇంకోటి తెలియని చేతులు, రేపు శనివారం. అన్నీ ఒక్కసారి కళ్ళముందు గిర్రున తిరిగాయి. దాంతో మూడు రోజులుగా నమిలి దాచుకున్న మాట నోట్లోంచి పడిపోయింది.

"నా పెట్టెలు అది విప్పుతోందండీ. నేను కళ్ళారా చూశాను. గుర్తు కూడా పెట్టాను, పెన్సిలుతో. బుధవారం రెండు విప్పింది. కావాలంటే అడగండి, మీ ముందే అడగండి!"

యజమాని చిన్నదాని వైపు తిరిగాడు. "ఏమ్మాయ్? ముట్టుకున్నావా?"

చిన్నది ముడక్క ముఖంలోకి చూసింది. ఈ అయిదు రోజుల్లో అలా సూటిగా చూడ్డం అదే మొదలు. ఏదో అడుగుతున్నట్టు చూసింది. ముడక్క గడ్డం పైకెత్తింది.

"ముట్టుకున్నాను," అంది చిన్నది.

"విప్పావా?"

"విప్పానండి."

"ఎందుకు?"

ఆ పిల్ల కత్తెర మూసి, రిబ్బను చుట్ట చివర జారకుండా పిన్ను గుచ్చి, తన రెండో అంకె చీటీల కట్టను బల్ల మీద చదునుగా పెట్టింది. యజమాని "రేపటి నుంచి రావద్దు" అనేలోపే చెప్పుల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ముడక్క ఒక్కతే నడిచి వచ్చింది. గెలిచిన మనిషి అంత మెల్లగా నడుస్తుందా? ఇంట్లో అత్తగారు ఏ వాటాలోనూ టీ తాగలేదు. రెండు వాటాలకూ మధ్య, గుమ్మం మీద కూర్చుని, "అది ఏడవట్లేదు, నువ్వు నవ్వట్లేదు. ఏం కొంప ముంచుకున్నారే ఇద్దరూ?" అంది.

*

శనివారం ఆ బల్లకు అవతలి కుర్చీ ఖాళీ. ముడక్కకు ఎన్నడూ లేని నిశ్శబ్దం. కత్తెర శబ్దం ఒక్కటే. ఇక కాపలా అక్కర్లేదు కదా, పక్కగదిలోనే తిన్నది. వచ్చి చూసేసరికి బండాయన బల్ల దగ్గర నుంచుని ఉన్నాడు. ముందు రెండు పెట్టెలు.

"నిన్నటివమ్మా," అన్నాడు, తనే పగలగొట్టినంత నామోషీగా. "రెండూ మీ అంకే. యజమాని ఊళ్ళో లేడు, సోమవారం వస్తాడు. నేనేమీ చెప్పను, మీరే చెప్పుకోండి."

మూడో పెట్టె ఒకటి చంకలో ఉంటే అదీ దించాడు. నీలం రిబ్బను. "ఇది బుధవారందమ్మా. రెండుసార్లు వెళ్ళాను, ఇంటికి తాళం. మూడు రోజులుగా బండిలో నా కాళ్ళకింద దొర్లుతోంది. దీని మీద ఇంకో నాలుగు పెట్టెలు కూడా పేర్చాను పాపం. లోపల ఏమైందో ఏమో."

ఆయన వెళ్ళాక ముడక్క తలుపు దగ్గరికి వేసింది.

ముందు పగిలినది లాక్కుంది. శుక్రవారం కట్టింది ఇది. చిన్నది దీని దరిదాపులకు రాలేదు, వీపు ఆనించి తనే కాసింది కదా. ముడి చెక్కు చెదరలేదు. కొన్నవాళ్ళు ముడి రాక, పక్కన రిబ్బను కత్తిరించుకుని తీశారు. కాగితం మడత తనది. స్టిక్కరు తనది. చీటీ తనది. ఈ పెట్టెలో పరాయి చెయ్యి ఎక్కడా లేదు. వెతికింది. తనను తప్పించే గుర్తు ఒక్కటంటే ఒక్కటి దొరుకుతుందేమోనని మళ్ళీ వెతికింది.

మూత వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నున్నటి మెరుపు మీద రిబ్బను పోయిన దారి అడ్డంగా, నిలువుగా గాడి పడి ఉంది. నిలువు గాడి వెంట, నడిమధ్యకు కాస్త ఇవతల, అట్ట లోపలికి గుంటలా దిగింది. మూత పెట్టె మీద పెట్టి, లోపలున్న గిన్నె అంచు ఎక్కడికి వస్తుందో చూసింది. గుంట సరిగ్గా అంచు మీదికి వచ్చింది. బీట అక్కడే మొదలైంది.

ముడక్క కుర్చీ కిందనుంచి తన సూదులూ దారాలూ పెట్టుకునే డబ్బా తీసింది. అది పాతరకం పెట్టె, మోటుది. దాని మూత మీద బొటనవేలు పెట్టి నొక్కింది. కదల్లేదు. కొత్త మూత మీద పెట్టి నొక్కింది. తమలపాకులా వంగిపోయింది.

మెరుపు చూసి ముచ్చటపడింది గానీ, ఇన్నాళ్ళూ లాగుతున్నప్పుడు అట్ట దిగుతున్న సంగతి చేతికి తెలియలేదు. కిర్రుమనేదాకా లాగేది. ఆ కిర్రు రిబ్బనుది అనుకుంది.

ఇక మిగిలింది నీలం రిబ్బను పెట్టె. దాని ముందు చాలాసేపు కూర్చుంది. విప్పాలంటే భయమేసింది, నిజం చెప్పాలంటే. చుక్క అంచు దాటి వేలెడు కిందే ఉంది, బుధవారం చూసినట్టే. రిబ్బను కిందకు వేలు దూర్చింది. వేలు సులువుగా పట్టింది. ముడి తన ముడిలాంటిదే, కానీ ఒక కొస లాగితే విడింది. మూత తీసింది. మూతకూ గిన్నెకూ మధ్య, ఆవిడ పెట్టని తెల్ల టిష్యూ, నాలుగు మడతలు, పసిపిల్ల తలకింద పెట్టే బొంతలా కుదురుగా పరిచి ఉంది. దాని కింద స్టిక్కరు తనది. చీటీ తనది, ఒకటి. ఎవరూ మార్చలేదు.

గిన్నె బయటికి తీసి అంచు మీద గోటితో కొట్టింది. మూడు రోజులు బండిలో దొర్లి, నాలుగు పెట్టెల బరువు మోసిన గిన్నె ఖంగుమని మోగింది. ఆ మోత గదిలో ఆగేదాకా ముడక్క కదల్లేదు.

*

ఆదివారం పొద్దున ముడక్క గోడ అవతలి వాటాకు వెళ్ళింది. పదడుగులు. వీధి గుమ్మంలోంచి వెళ్ళింది, పరాయి ఇంటికి వెళ్ళినట్టు. చిన్నది పెరట్లో గుడ్డలు ఆరేస్తోంది.

"ఎందుకు చెప్పలేదే?" అంది ముడక్క. ముందూ వెనకా ఏమీ లేకుండా అదే అడిగింది.

చిన్నది దుప్పటి విదిలించి తీగ మీద వేసింది. "చెప్పాను. రెండు సార్లు. నీ చేతి సత్తువ గురించి చెప్పావు."

"నాకు కాదు. ఆయన అడిగాడుగా ఎందుకని. అప్పుడు చెప్పొచ్చుగా."

"ఏమని? మా అక్క కట్టినవే పగులుతున్నాయండీ, నేను పిన్నుతో ముడి విప్పి మళ్ళీ కడుతున్నానండీ అనా? అంటే నిన్ను పంపేవాడు." గుడ్డపిన్ను పళ్ళ మధ్య పెట్టుకుని, తీసి, మళ్ళీ అంది. "మా ఆయన కాళ్ళమీద నడుస్తున్నాడు. బావగారు నడవట్లేదు. అందుకని."

ముడక్క తీగకు వేలాడే తడి దుప్పటి అంచు పట్టుకుంది. ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

"అయితే తిట్టవే. ఒక్క మాటన్నా తిట్టు. నేను నిన్ను దొంగన్నాను."

"తిడతాను," అంది చిన్నది. "తిట్టకుండా వదుల్తానా? కానీ ఇవాళ కాదు. ఇవాళ తిడితే ఏడుపొస్తుంది, అత్తయ్య చూస్తోంది."

అత్తగారు నిజంగానే గుమ్మంలోంచి తొంగి చూస్తోంది. "చూడట్లేదు," అంది. "వింటున్నాను."

*

సోమవారం యజమాని రాగానే ముడక్క చీటీలు తనే పరిచింది. అయిదు ఒకట్లు. పక్కన కొత్త మూత, పాత మూత, నీలం రిబ్బను పెట్టె. మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఎక్కడా గొంతు తగ్గించలేదు, తన మీద పడే చోట కూడా.

"పగిలినవి నావి. పగలనివి దానివల్ల పగల్లేదు. మీరు నన్ను పంపినా దాన్ని పిలవాల్సిందే. నేను పంపించాను కాబట్టి నేనే అడుగుతున్నాను."

యజమాని కొత్త మూత తీసుకుని బొటనవేలితో నొక్కాడు. అది వంగింది. గబుక్కున బల్ల మీద పెట్టేశాడు, ఎవరో చూస్తారన్నట్టు. ఆ పెట్టెలు ఎంచి తెప్పించింది ఆయనే. ఆ మాట ఆయనా అనలేదు, ముడక్కా అనలేదు. కానీ ఇద్దరూ కాసేపు ఆ మూత వంకే చూశారు.

"ఇంకా ఆరువందల పెట్టెలున్నాయి," అన్నాడు చివరికి, గోడకు చెబుతున్నట్టు. "వాటితోనే సర్దుకోవాలి. ఆ అమ్మాయిని రమ్మనండి. రిబ్బను ఇక ఆ అమ్మాయి కడుతుంది. మీరు కాగితం చూసుకోండి." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఆ చీటీలు తీసేయండి. నాకు వాటితో పనిలేదు."

మధ్యాహ్నానికల్లా చిన్నది వచ్చి కూర్చుంది. తన పాత కుర్చీలో కూర్చోబోతే ముడక్క వద్దంది. రిబ్బను చుట్టలు వేలాడే మేకు ముడక్క కుర్చీ పక్క గోడకు ఉంది. లేచి, తన దిండు తను తీసుకుని, అవతలికి మారింది. పందొమ్మిదేళ్ళ కుర్చీ. దిండు కింద ఆవిడ ఆకారం అచ్చు పడి ఉంది.

"దీన్లో నేను మునిగిపోతానేమో అక్కా," అంది చిన్నది ఆ గుంట చూసి.

"మూడు కాన్పులైతే నీకూ సరిపోతుందిలే. కూర్చో."

ముడక్క గిన్నె చుట్టింది. పీచు పరిచింది. స్టిక్కరు అంటించింది. పైన టిష్యూ నాలుగు మడతలు వేసి, అంచులు సర్ది, మూత పెట్టి ఇవతలికి జరిపింది. చిన్నది కింద నుంచి రిబ్బను తెచ్చి, పైన మెలి వేసి, ఆగింది. రెండు చేతులా కొసలు పట్టుకుని ఉంది.

"అక్కా, నువ్వు వేలు పెట్టు. రెండు చేతులతో కడితే ముడి నీలాగా వస్తుంది."

ఇంతకాలం తన ముడి దగ్గర ఇంకొకరి వేలును ముడక్క పెట్టనివ్వలేదు. ఇంకొకరి ముడి దగ్గర తన వేలూ పెట్టలేదు. చెయ్యి చాపి, చూపుడువేలు రిబ్బను కింద దూర్చింది. చిన్నది మెల్లిగా లాగింది.

"బిగిసిందా?"

ముడక్క తన వేలినే చూస్తోంది. నీలం రిబ్బను దాని మీద అడ్డంగా ఉంది, ఆ సంగతి కంటికి తెలుస్తోంది. చిన్నది ఇంకొంచెం లాగింది. గోటి కింద చర్మం తెల్లబడింది.

"అక్కా? బిగిసిందా, ఇంకా లాగనా?"

అవుననడం ఎంతసేపు? ఇన్నేళ్ళూ అవునంటూనే వచ్చింది, టీ గిన్నెకూ, కాగితపు అంచుకూ, అందరికీ.

"నాకు తెలియట్లేదే," అంది ముడక్క. "చాలా రోజులైంది తెలియక."

చిన్నది అయ్యో అనలేదు, ఎన్నాళ్ళనుంచి అని అడగలేదు. కొసలు సడలించి, తన వేలు కూడా తెచ్చి ముడక్క వేలి పక్కనే రిబ్బను కింద దూర్చింది. రెండు వేళ్ళూ ఆనుకుని ఉన్నాయి.

"ఇప్పుడు నువ్వు లాగక్కా," అంది. "ఎక్కడ ఆపాలో నేను చెప్తాను."